సాకెట్ కనెక్షన్ వైఫల్యాలు: సీ ప్రోగ్రాముల డీబగ్గింగ్, ఖమ్మం–భద్రాచలం అడవి అంచు నుంచి ఒక పరిశీలన

నెట్‌వర్క్ మీదుగా మరో ప్రోగ్రాముతో మాట్లాడటానికి ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే ద్వారం సాకెట్. సీ భాషలో ప్రోగ్రాము చేతికి వచ్చేది ఒక చిన్న పూర్ణాంకం మాత్రమే. చిరునామా, పోర్టు, ఎంత పంపాం, ఎంత అందింది అన్న మిగతా లెక్కంతా కెర్నల్ దగ్గర ఉంటుంది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1983లో విడుదల చేసిన 4.2 బీఎస్‌డీ యునిక్స్‌తో ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. అదే ఏడాది జనవరి 1న అర్పానెట్ టీసీపీ/ఐపీకి మారింది. సాకెట్, బైండ్, లిసన్, యాక్సెప్ట్, కనెక్ట్ అన్న అయిదు పిలుపులు అప్పటి నుంచి పెద్దగా మారలేదు. పైన జావా ఉన్నా పైథాన్ ఉన్నా, లైనక్స్, ఆండ్రాయిడ్ యంత్రాల్లో అడుగున జరిగేది ఇదే కనెక్ట్ పిలుపు. వేలిముద్ర తీసుకునే రేషన్ యంత్రమైనా, బ్యాంకు మిత్ర చేతిలోని పరికరమైనా "కనెక్షన్ లేదు" అని చూపించిందంటే, లోపల ఎక్కడో ఒక కనెక్ట్ మైనస్ 1 తిరిగి ఇచ్చిందన్నమాట, లేదా అసలు తిరిగే రాలేదన్నమాట.

జేఎన్‌టీయూ హైదరాబాద్ అనుబంధ కళాశాలల్లో కంప్యూటర్ సైన్స్ చదివేవారు నెట్‌వర్క్, లైనక్స్ ప్రోగ్రామింగ్ ల్యాబుల్లో ఎకో సర్వర్, ఎకో క్లయింట్ రాస్తారు. ఖమ్మం, కొత్తగూడెం విద్యార్థులకూ ఇది పరిచయమే. డబ్ల్యూ. రిచర్డ్ స్టీవెన్స్ 1990లో రాసిన యునిక్స్ నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్ ఈ పాఠానికి మూలగ్రంథం. ల్యాబులో రెండు ప్రోగ్రాములూ ఒకే యంత్రంలో, 127.0.0.1 అనే లూప్‌బ్యాక్ చిరునామా మీద నడుస్తాయి. అక్కడ ప్యాకెట్ పోదు, ఆలస్యం ఉండదు, మధ్యలో ఫైర్‌వాల్ అడ్డు రాదు, కరెంటు పోతే రెండు వైపులా ఒకేసారి పోతుంది. లూప్‌బ్యాక్ మీద నడిచిన ప్రోగ్రాము సీ వ్యాకరణానికి నిలిచిందని చెప్పవచ్చు. నెట్‌వర్క్‌కు నిలుస్తుందో లేదో అక్కడ తేలదు.

తేల్చే చోటు ఇంకా ముందుకు వెళ్తే కనిపిస్తుంది. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. గోదావరి దాటి దుమ్ముగూడెం, చర్ల మండలాల్లోకి వెళ్తే అడవి చిక్కబడుతుంది; అవతల ఛత్తీస్‌గఢ్ సుక్మా, బీజాపూర్ జిల్లాలు. 2016 అక్టోబరు 11న ఖమ్మం నుంచి విడిపోయి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాగా మారిన ఈ ప్రాంతం, తీవ్రవాద ప్రభావిత ప్రాంతాలకు కేంద్రం వేయించిన మొబైల్ టవర్ల పథకం పరిధిలోకి వస్తుంది. ఆ పథకం తొలి దశలో 10 రాష్ట్రాల్లో పెట్టిన 2,343 టవర్లు 2జీవి. వాటిని 4జీకి మార్చడానికి కేంద్ర మంత్రివర్గం 2022 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. ఫైబర్ చేరని చోట టవర్ నుంచి వెనక్కి వెళ్లే దారి మైక్రోవేవ్ కావచ్చు, ఉపగ్రహం కావచ్చు. సాకెట్ ఎన్ని విధాలుగా విఫలం కాగలదో అన్ని విధాలూ ఇలాంటి చోట ఎదురవుతాయి.

ఎలా విఫలమైంది, ఎంతసేపటికి విఫలమైంది

కనెక్ట్ పిలిచినప్పుడు కెర్నల్ అవతలికి సిన్ అనే ప్యాకెట్ పంపుతుంది. అవతలి యంత్రం సిన్-యాక్ పంపాలి, దానికి ఇవతల యాక్ చెప్పాలి. ఈ మూడు అడుగుల్లో ఏది తప్పినా వైఫల్యమే. కానీ వైఫల్యాలన్నీ ఒకటి కావు. డీబగ్గింగ్‌లో అన్నిటికన్నా విలువైన సమాచారం రెండు చోట్ల ఉంటుంది: ఒకటి ఎర్ర్‌నో అనే చరరాశిలోని సంఖ్య, రెండోది ఆ సంఖ్య రావడానికి పట్టిన సమయం. ఈ రెండూ రాసుకోకుండా కోడ్ మార్చడం మొదలుపెట్టేవారు గంటలు పోగొట్టుకుంటారు.

లైనక్స్‌లో 111, అంటే "కనెక్షన్ రెఫ్యూజ్డ్", క్షణంలో వస్తే అది ఒక విధంగా శుభవార్త. దారి బాగుంది, అవతలి యంత్రం బతికే ఉంది, ఆ పోర్టు మీద ఎవరూ వినడం లేదు కాబట్టి దాని కెర్నల్ రీసెట్ ప్యాకెట్ పంపింది. సర్వర్ ప్రోగ్రాము ఆగిపోయి ఉండాలి, వేరే పోర్టు మీద ఉండాలి, లేదా 127.0.0.1కే బైండ్ అయి బయటివాళ్లకు కనిపించకుండా ఉండాలి. మూడోది విద్యార్థుల ప్రాజెక్టుల్లో చాలా తరచుగా జరిగేది. సర్వర్ యంత్రంలో ఎస్‌ఎస్ ఆదేశంతో వింటున్న పోర్టుల జాబితా చూస్తే అర నిమిషంలో బయటపడుతుంది.

110, "కనెక్షన్ టైమ్డ్ అవుట్", పూర్తిగా వేరే కథ. అవతలి నుంచి ఏ జవాబూ రాలేదు. లైనక్స్ మొదటి సిన్ పంపాక 1, 3, 7, 15, 31, 63 సెకన్ల దగ్గర మళ్లీ మళ్లీ పంపి, మొత్తం 127 సెకన్ల తర్వాత వదిలేస్తుంది. ఇటీవలి కెర్నళ్లలో లెక్క కొంచెం మారి 131 సెకన్లయింది. ఫైర్‌వాల్ ప్యాకెట్‌ను చప్పుడు లేకుండా పారేస్తున్నా, అవతలి యంత్రానికి కరెంటు లేకపోయినా, జవాబు తిరుగుదారిలో పోతున్నా ప్రోగ్రాముకు కనిపించేది ఒకటే.

101, "నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్", వెంటనే వస్తుంది: బయటికి పోయే దారే తన యంత్రంలో లేదు, అంటే సిమ్ డేటా కట్టయింది లేదా డిఫాల్ట్ రూట్ పోయింది. 113, "నో రూట్ టు హోస్ట్", కాస్త మోసం చేస్తుంది. ఒకే లోకల్ నెట్‌వర్క్‌లో అవతలి యంత్రం ఆరిపోయి ఉంటే ఏఆర్‌పీ ప్రశ్నకు జవాబు రాక సుమారు 3 సెకన్లకు ఇది వస్తుంది. కానీ కొన్ని లైనక్స్ ఫైర్‌వాళ్లు ప్యాకెట్‌ను నిరాకరించేటప్పుడు "ఇక్కడికి రావడం నిషిద్ధం" అన్న ఐసీఎంపీ సందేశం పంపుతాయి, అదీ 113గానే తేలుతుంది. పేరు చూసి రూటింగ్ పట్టికలు తవ్వేవాళ్లు అసలు తాళం ఫైర్‌వాల్‌లో ఉందని ఆలస్యంగా గ్రహిస్తారు.

సీ కోడ్‌లోనే ఉన్న తప్పులు

అడవినీ టవర్‌నూ అనుమానించే ముందు ప్రోగ్రామును చూడాలి. నెట్‌వర్క్ మీద పడే నిందలో పెద్ద భాగం నిజానికి పది పన్నెండు పరిచిత తప్పులది.

ఒక బ్రాకెట్ తప్పు గురించి ముందు చెప్పాలి. సాకెట్ పిలిచి, ఫలితాన్ని ఒక చరరాశిలో పెట్టి, అది సున్నాకన్నా తక్కువా అని ఒకే పంక్తిలో పరీక్షించేటప్పుడు లోపలి బ్రాకెట్లు మరిచిపోతే, సీ మొదట పోలిక చేసి ఆ తర్వాత అప్పగిస్తుంది. సాకెట్ సవ్యంగా వచ్చినా చరరాశిలో 0 పడుతుంది. 0 అంటే కీబోర్డు నుంచి చదివే ప్రామాణిక ప్రవేశం. దాని మీద కనెక్ట్ పిలిస్తే 88, అంటే "ఇది సాకెట్ కాదు" అన్న జవాబు వస్తుంది. 88 కనిపిస్తే కేబుళ్ల జోలికి పోవద్దు, బ్రాకెట్లు లెక్కపెట్టాలి.

పోర్టు సంఖ్యను నెట్‌వర్క్ బైట్ క్రమంలోకి మార్చే హెచ్‌టన్స్‌ను వదిలేయడం మరొకటి. ఇంటెల్, ఆర్మ్ యంత్రాలు సంఖ్యలో చిన్న బైటును ముందు పెడతాయి, నెట్‌వర్క్ పెద్ద బైటును ముందు కోరుతుంది. మార్చకపోతే 8080 కాస్తా 36895 అవుతుంది, 5000 అయితే 34835. సర్వర్, క్లయింట్ రెండింటిలోనూ ఇదే తప్పు ఉంటే అవి చక్కగా కలుస్తాయి. ల్యాబు పరీక్ష గట్టెక్కుతుంది. వేరెవరో సరిగ్గా రాసిన సర్వర్ ఎదురైన రోజే తప్పు బయటపడుతుంది.

చిరునామా అక్షరాలను సంఖ్యగా మార్చే ఐనెట్-పీటన్ సఫలమైతే 1 ఇస్తుంది, అక్షరాలు చెల్లకపోతే 0 ఇస్తుంది. మైనస్ 1 వచ్చిందా అని మాత్రమే చూసే కోడ్ ఆ సున్నాను విజయంగా తీసుకుంటుంది. ముందే సున్నాలతో నింపిన చిరునామా అలాగే 0.0.0.0గా మిగిలిపోతుంది. లైనక్స్ దాన్ని తన యంత్రమే అనుకుంటుంది, అక్కడ ఎవరూ వినరు కాబట్టి 111 వస్తుంది. హైదరాబాద్ సర్వర్ నిరాకరించిందని ఇక్కడ అందరూ అనుకుంటారు, కానీ ఒక్క ప్యాకెట్ కూడా యంత్రం దాటి ఉండదు. కెర్నల్‌కు వెళ్లే పిలుపులను చూపే ఎస్‌ట్రేస్ కింద నడిపితే, దానికి అందిన అసలు చిరునామా, పోర్టు కళ్లెదుట కనిపిస్తాయి. ఈ కారణంగానే సీ సాకెట్ డీబగ్గింగ్‌లో మొదట చేతికి తీసుకోవలసింది ఎస్‌ట్రేస్. మూలకోడ్ రాసినవాడి ఉద్దేశాన్ని చూపిస్తుంది, ఎస్‌ట్రేస్ జరిగినదాన్ని చూపిస్తుంది.

ఎర్ర్‌నోను విఫలమైన పిలుపు వెంటనే దాచుకోవాలి. మధ్యలో ఒక ప్రింట్‌ఎఫ్ లేదా క్లోజ్ నడిచినా అది మారిపోవచ్చు. పిలుపు సఫలమైనప్పుడు అందులో ఉన్నది పాత చెత్తే, దాన్ని చదవకూడదు. పేరును చిరునామాగా మార్చే గెట్-యాడర్-ఇన్ఫో మాత్రం తన వైఫల్యాన్ని ఎర్ర్‌నోలో చెప్పదు, సొంత సంఖ్య ఇస్తుంది; దానికి సొంత అనువాద ఫంక్షన్ ఉంది. దీన్ని పట్టించుకోకుండా, ఎర్ర్‌నోను మాటల్లో అచ్చువేసే పెర్రర్ పిలిస్తే, పేరు దొరకని చోట "సక్సెస్" అని అచ్చయ్యే వింత కూడా జరుగుతుంది.

అదే గెట్-యాడర్-ఇన్ఫో ఒకే చిరునామా కాకుండా వరుస ఇస్తుంది. ఐపీవీ6, ఐపీవీ4 రెండూ అందులో ఉండవచ్చు. మొదటిదాన్నే ప్రయత్నించి విఫలమైతే చేతులెత్తేసే ప్రోగ్రాములు, ఒక నెట్‌వర్క్‌లో పనిచేసి మరో నెట్‌వర్క్‌లో పడిపోతాయి. వరుస మొత్తం ప్రయత్నించాలి, ప్రతిసారీ పాత సాకెట్ మూసి కొత్తది తెరవాలి. కనెక్ట్ విఫలమైన సాకెట్ ఏ స్థితిలో మిగులుతుందో పోసిక్స్ ప్రమాణం హామీ ఇవ్వదు. మూయడం మరిచిపోతే ఇంకో ప్రమాదం: సిగ్నల్ సరిగ్గా లేని చోట రోజంతా మళ్లీ మళ్లీ ప్రయత్నించే యంత్రంలో, 1024 అనే మామూలు పరిమితి నిండగానే 24, "టూ మెనీ ఓపెన్ ఫైల్స్" వస్తుంది. ఆ తర్వాత సిగ్నల్ వచ్చినా కనెక్షన్ రాదు. యంత్రం ఆపి వేస్తే బాగవుతుంది కనుక అసలు కారణం ఎవరూ వెతకరు.

వేచి ఉండటం

127 సెకన్లు ప్రోగ్రాము కదలకుండా ఉంటే, దాని ముందు నిలబడ్డ మనిషి మీటను మళ్లీ నొక్కుతాడు. అందుకే సాకెట్‌ను నాన్-బ్లాకింగ్ చేసి, కనెక్ట్ 115, అంటే "పని నడుస్తోంది" అని చెప్పాక, పోల్ పిలుపుతో తనకు కావలసినంతసేపే ఆగడం మేలు. ఇక్కడొక పొరపాటు విరివిగా జరుగుతుంది. సాకెట్ రాయడానికి సిద్ధమని పోల్ చెప్పగానే కనెక్షన్ కలిసిందనుకుంటారు. విఫలమైన సాకెట్ కూడా అలాగే సిద్ధమంటుంది. గెట్-సాక్-ఆప్ట్‌తో ఎస్‌ఓ-ఎర్రర్ అడిగి సున్నా వస్తేనే కలిసినట్టు. మధ్యలో యునిక్స్ సిగ్నల్ వచ్చి కనెక్ట్ 4తో బయటికి వస్తే దాన్ని మళ్లీ పిలవకూడదు. కెర్నల్ వెనుక ప్రయత్నం కొనసాగిస్తూనే ఉంటుంది, పోల్‌తోనే ఆగాలి.

ఎంతసేపు ఆగాలి? ల్యాబులో అర సెకను చాలనిపిస్తుంది. భూస్థిర ఉపగ్రహం భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ప్రశ్న పైకెళ్లి కిందికి, జవాబు పైకెళ్లి కిందికి రావడానికి కాంతివేగంతోనే అర సెకను దగ్గర పడుతుంది, వాస్తవంలో 600 మిల్లీసెకన్లు మామూలు. అలాంటి దారిలో అర సెకను గడువు పెట్టిన ప్రోగ్రాము నూటికి నూరుసార్లూ విఫలమవుతుంది, టవర్ మాత్రం నిక్షేపంగా ఉంటుంది. పైగా పేరు వెతికే సమయం వేరు: లైనక్స్‌లోని సీ లైబ్రరీ జీలిబ్‌సీ ఒక్కో డీఎన్‌ఎస్ ప్రశ్నకు 5 సెకన్లు ఆగి మళ్లీ అడుగుతుంది. కనెక్ట్‌కు గడియారం పెట్టి డీఎన్‌ఎస్‌ను లెక్కలోకి తీసుకోని ప్రోగ్రాములు చెప్పే సమయాలు నమ్మదగినవి కావు.

మొబైల్ డేటా మీద సర్వర్ నడపాలన్న ఆశకు మాత్రం ఎంతసేపు ఆగినా ఫలితం ఉండదు. భద్రాచలంలో ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపిన ల్యాప్‌టాప్‌లో సర్వర్ పెట్టి, హైదరాబాద్ నుంచి స్నేహితుడిని కనెక్ట్ చేయమంటే 110 తప్ప రాదు. ఐపీవీ4 చిరునామాల కొరతతో ఆపరేటర్లు వేలమందిని ఒకే బయటి చిరునామా వెనుక ఉంచుతున్నారు, ఇందుకోసం 100.64తో మొదలయ్యే శ్రేణిని 2012లో ప్రత్యేకంగా కేటాయించారు. బయటి నుంచి లోపలికి పిలుపు రాదు. అడవి వైపున్న పరికరమే బయటికి పిలవాలి. ఇది కోడ్‌తో దిద్దుకునే తప్పు కాదు, రూపకల్పనలోనే చూసుకోవలసిన విషయం.

కలిసిన తర్వాత

కనెక్ట్ సఫలమయ్యాక వచ్చే వైఫల్యాలే ఎక్కువ ప్రమాదకరం. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు పెరిగింది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. ఆ ఒడ్డున నీటిమట్టం కొలిచి టీసీపీ మీద పంపే ఒక చిన్న యంత్రాన్ని, దూరంగా దాని లెక్కలు అందుకునే సర్వర్‌ను ఊహించుకుందాం. యంత్రానికి కరెంటు పోయింది. వీడ్కోలు ప్యాకెట్ పంపే అవకాశం దానికి లేదు. సర్వర్‌లోని రిసీవ్ పిలుపు ఎదురుచూస్తూనే ఉంటుంది. అవతల ఎవరూ లేరని టీసీపీకి తనంతట తాను తెలియదు. అవతలివారు ఉన్నారా అని అప్పుడప్పుడు పరీక్షించే కీప్‌అలైవ్ పెట్టకపోతే రోజులు గడిచినా తెలియదు. పెట్టినా లైనక్స్ మామూలు అమరికలో మొదటి పరీక్షకు 7,200 సెకన్లు, ఆపైన 75 సెకన్లకొకటి చొప్పున 9 ప్రయత్నాలు, అంటే 2 గంటల 11 నిమిషాల 15 సెకన్లు. అంతసేపూ తెర మీద చివరి కొలత తాజా కొలతలా నిలబడి ఉంటుంది. వరద వేళ ఇంతకన్నా చెడ్డ లోపం లేదు: ఎర్రర్ లేదు, ప్రోగ్రాము కూలలేదు, చూపే సంఖ్య మాత్రం పాతది.

పంపే వైపు కూడా ఇలాగే మోసపోతుంది. రైట్ లేదా సెండ్ సఫలమైందంటే బైట్లు తన కెర్నల్ బఫర్‌లో పడ్డాయని మాత్రమే అర్థం. దారి తెగితే కెర్నల్ మామూలు అమరికలో దాదాపు 15 నిమిషాలు తిరిగి పంపుతూ ఉంటుంది, ఆ తర్వాతే ప్రోగ్రాముకు చెబుతుంది. టీసీపీ యూజర్ టైమౌట్ అనే సాకెట్ ఎంపికతో దీన్ని అర నిమిషానికి తగ్గించవచ్చు. అయినా అసలు మందు అప్లికేషన్ స్థాయి రసీదే: కొలత నమోదైందని సర్వర్ చెప్పేవరకు పరికరం దాన్ని చెరపకూడదు, కొలత తీసిన సమయం ప్రతి సందేశంలోనూ ఉండాలి. కేంద్ర జలసంఘం టెలిమెట్రీ కేంద్రాలు ఇన్‌శాట్ ఉపగ్రహం మీదుగా కొలతలు పంపే పద్ధతిలో అసలు కనెక్షనే లేదు, పరికరం తన వంతు రాగానే పంపేస్తుంది. ఎదురుచూస్తూ ఇరుక్కుపోయే బాధ అందులో రాదు. కానీ అందిందో లేదో పంపినవాడికి తెలియదు. ఏ ప్రమాదం ఎంచుకోవాలన్నది ఇంజనీరు ముందే తేల్చుకోవాలి.

అవతలివారు మూసేసిన సాకెట్‌లోకి రాస్తే మొదటిసారి సఫలమైనట్టే కనిపిస్తుంది, జవాబుగా అవతలి నుంచి రీసెట్ వస్తుంది. మళ్లీ రాస్తే సిగ్‌పైప్ అనే సిగ్నల్ ప్రోగ్రామునే చంపేస్తుంది, లాగ్‌లో ఒక్క ముక్క మిగలకుండా. "అప్పుడప్పుడు దానంతటదే ఆగిపోతోంది" అన్న ఫిర్యాదు వినగానే మొదట అడగవలసిన ప్రశ్న సిగ్‌పైప్‌ను పట్టించుకోవద్దని కెర్నల్‌కు చెప్పారా అనే. రిసీవ్ సున్నా ఇస్తే అది ఎర్రర్ కాదు, అవతలివారు మర్యాదగా ముగించారని. ఒక సెండ్‌లో పంపినది ఒకే రిసీవ్‌లో రావాలన్న నియమం లేదు. లూప్‌బ్యాక్‌లో దాదాపు ఎప్పుడూ వస్తుంది కనుక ఆ అలవాటు కోడ్‌లో ఉండిపోతుంది.

చిన్న సందేశాలు వెళ్లి పెద్దవి మాత్రం ఆగిపోతే అనుమానం ప్యాకెట్ పరిమాణం మీదికి పోవాలి. ఈథర్‌నెట్ ప్యాకెట్ 1,500 బైట్లు. మధ్యలో నెట్‌వర్క్ టన్నెళ్లో, పీపీపీఓఈ లాంటి అదనపు పొరలో ఉంటే అంత పట్టదు. "చిన్నదిగా పంపు" అని చెప్పే ఐసీఎంపీ సందేశాన్ని దారిలో ఒక ఫైర్‌వాల్ అడ్డుకుంటే, పంపేవాడికి విషయం తెలియక అదే పెద్ద ప్యాకెట్‌ను పదేపదే పంపుతాడు. కనెక్షన్ కలుస్తుంది, లాగిన్ అవుతుంది, ఫోటో పంపగానే నిలిచిపోతుంది. విడగొట్టవద్దన్న గుర్తుతో 1,472 బైట్ల పింగ్ పంపి, దాటేవరకు తగ్గిస్తూ పోతే పరిమితి ఎక్కడో దొరుకుతుంది.

ప్యాకెట్లను చూడటం, అడవిని ల్యాబుకు తేవడం

ఎస్‌ట్రేస్ ప్రోగ్రాముకూ కెర్నల్‌కూ మధ్య సంభాషణ చూపిస్తే, కెర్నల్‌కూ నెట్‌వర్క్‌కూ మధ్య సంభాషణను టీసీపీడంప్ చూపిస్తుంది. గెరాల్డ్ కోంబ్స్ 1998లో ఎథీరియల్ పేరుతో మొదలుపెట్టి 2006లో పేరు మారిన వైర్‌షార్క్ అదే పనిని బొమ్మలతో చేస్తుంది. రెండు చివర్లా ఒకేసారి పట్టుకోగలిగితే సగం వాదనలు అక్కడే ముగుస్తాయి: సిన్ ఇక్కడ బయలుదేరి అక్కడ చేరలేదా, చేరి జవాబు తిరుగుదారిలో పోయిందా అన్నది స్పష్టమవుతుంది. అదే పోర్టుకు నెట్‌క్యాట్‌తో కలిపి చూడటం మరో మంచి అలవాటు. నెట్‌క్యాట్ కలిసి తన ప్రోగ్రాము కలవకపోతే తప్పు కోడ్‌లోనే.

పరీక్ష కోసం చర్ల దాకా వెళ్లనక్కర్లేదు. లైనక్స్ కెర్నల్‌లోని నెట్‌ఎమ్ సౌకర్యంతో ఖమ్మం ల్యాబులోని లూప్‌బ్యాక్ మీదే 300 మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టవచ్చు. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ లూప్‌బ్యాక్ గుండానే పోవాలి కనుక రానూపోనూ 600 అవుతుంది, ఉపగ్రహపు దారిలాగే. దానికి నూటికి పది ప్యాకెట్లు పోయేలా నష్టం కలపవచ్చు. ఐపీటేబుల్స్‌తో ఒక పోర్టుకు వచ్చే ప్యాకెట్లను పారేసి 127 సెకన్ల మౌనాన్నీ, నిరాకరించి 111నూ విద్యార్థుల చేతనే చేయించి చూపించవచ్చు. ఎకో క్లయింట్ రికార్డులో ఈ మూడు ప్రయోగాలు కూడా చేరాలి. అవి లేని ల్యాబు సగం పాఠమే.

కరెంటు తిరిగి వచ్చిన వేళను కూడా పరీక్షించాలి. ఒక టవర్ లేవగానే దాని కింద ఉన్న పరికరాలన్నీ ఒకే క్షణంలో కనెక్ట్ పిలుస్తాయి. యాక్సెప్ట్ కోసం ఆగే వరుసకు లిసన్ పిలుపులో ఇచ్చిన సంఖ్యే పరిమితి. ల్యాబు కోడ్‌లో అది తరచూ 5. కెర్నల్ పైపరిమితి 5.4 వెర్షన్ నుంచి 128కి బదులు 4096 అయినా, 5 అని రాసినవారికి దానివల్ల ఉపయోగం లేదు. వరుస నిండితే లైనక్స్ కొత్త సిన్‌లను పారేస్తుంది, క్లయింట్లకు మళ్లీ 110 కనిపిస్తుంది. సర్వర్ వైపు ఆ సంఖ్య పెంచాలి. పరికరం వైపు ప్రతి విఫల ప్రయత్నం తర్వాత విరామాన్ని రెట్టింపు చేస్తూ, దానికి కొంత యాదృచ్ఛిక సమయం కలపాలి, అన్నీ ఒకే తాళంలో మళ్లీ పిలవకుండా.